టొరంటోలో మా అమ్మాయి మనవాళ్ల ఇంట్లో ఉండాలా, వేరే ఉండాలా?

ప్రశ్న: సార్, మాది కావలి. మా అమ్మాయికి టొరంటో నడిబొడ్డున ఉన్న ఒక యూనివర్సిటీలో మాస్టర్స్ సీటు వచ్చింది. ఎప్పుడూ ఒంటరిగా ఉన్న పిల్ల కాదు. అన్ని దేశాల వాళ్లుండే ఊరంటే భయంగా ఉంది. బ్రాంప్టన్‌లో మన వైపు పిల్లలు కలిసి ఒక ఇంట్లో ఉంటున్నారు, అక్కడే ఉండమంటున్నాం. పార్ట్‌టైమ్ చేసి ఫీజు తనే కట్టుకోవచ్చని ఏజెంట్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: అమ్మా, ముందు ఫీజు సంగతి తేల్చేద్దాం, అప్పు చేసేది మీరు కాబట్టి. ఏజెంట్ మాట నమ్మొద్దు. క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్ బయట వారానికి 24 గంటలకు మించి పని చేయకూడదు. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో కనీస వేతనం 2025 అక్టోబరు నుంచి గంటకు 17.60 కెనడా డాలర్లు, అంటే గంటలన్నీ దొరికినా వారానికి 422 డాలర్లు, అందులోనూ కోతలుంటాయి. అద్దెకి, తిండికి ఆసరా అవుతుంది గానీ ట్యూషన్ ఫీజు అందులోంచి రాదు. అందుకే ఫీజు కాకుండా ఏడాది ఖర్చులకి 22,895 డాలర్లు చూపించమని కెనడా ప్రభుత్వం ముందే అడుగుతోంది. చేతికి క్యాష్ ఇస్తాం, ఎన్ని గంటలైనా చేసుకో అనేవాళ్లు తగులుతారు. ఒప్పుకోవద్దని గట్టిగా చెప్పండి, చదువుకోడానికి ఇచ్చిన స్టడీ పర్మిట్‌కే ఎసరు వస్తుంది.

ఇక ఇల్లు. మనవాళ్ల మధ్య ఉంటే మీకు ధైర్యంగా ఉంటుంది, అర్థం చేసుకోగలను. కానీ బ్రాంప్టన్ టొరంటోలో భాగం కాదు, పక్క ఊరు. రోజూ బస్సులు, రైళ్లు మారి పోయి రావడానికే మూడు గంటలు పట్టొచ్చు, డిసెంబరులో సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడుతుంది, ఆ చలిలో ఇంటికి చేరాలన్న తొందరలో లైబ్రరీ, క్లాస్‌మేట్స్, ప్రొఫెసర్‌ని కలవడం, అన్నీ మానేసుకుంటారు పిల్లలు.

నన్ను ఇంతకంటే ఎక్కువ భయపెట్టేది ఇంకోటుంది. అందరూ ఒకే ఊరివాళ్లున్న ఇళ్లలో సీనియర్ల పాత అసైన్‌మెంట్లు చేతులు మారుతుంటాయి. ఇక్కడ రికార్డు చూసి రాసుకోవడం మనకి మామూలే, అక్కడ దాన్ని కాపీ కొట్టడం అంటారు, సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది, సబ్జెక్టు పోవచ్చు, సస్పెండ్ కూడా చేయొచ్చు. ఇచ్చినవాళ్లకీ శిక్ష ఉంటుంది. మంచి పిల్లలే మొహమాటానికి ఇచ్చి ఇరుక్కుంటారు, అందుకే వెళ్లే ముందే ఈ సంగతి మీ నోటితో చెప్పండి.

అన్ని దేశాల వాళ్లున్నారని భయపడకండి. టొరంటోలో దాదాపు సగం మంది వేరే దేశంలో పుట్టినవాళ్లే, ఒక్కొక్కరి ఇంగ్లీషు ఒక్కో రకంగా ఉంటుంది, మన యాస విని నవ్వేవాళ్లు తక్కువ. గ్రూప్ ప్రాజెక్టులో చైనా అమ్మాయి, ఇరాన్ అబ్బాయి, నైజీరియా అమ్మాయి ఉంటే తప్పనిసరిగా నోరు విప్పాలి, నాకు అర్థం కాలేదు అని అడగాలి, నేను ఒప్పుకోను అని కూడా అనాలి. రేపు ఇంటర్వ్యూలో చూసేది అదే. ఉద్యోగం సంగతి చెవిన వేసేది కూడా చాలాసార్లు ఈ క్లాస్‌మేట్సే.

తిండికి బెంగ వద్దు. టొరంటోలోనే ఉన్న స్కార్‌బరోలో శ్రీలంక తమిళుల షాపుల్లో చింతపండు, కరివేపాకు, వంజరం చేప అన్నీ దొరుకుతాయి, పులుసు పెట్టుకోవచ్చు. ఆదివారం మనవాళ్లింటికి వెళ్లి రమ్మనండి, పండగలకీ వెళ్లమనండి. గది మాత్రం క్యాంపస్‌కి అరగంట దూరంలో, వీలైతే వేరే దేశాల అమ్మాయిలతో. చలికాలంలో మీకు ఉదయం ఏడైతే తనకి ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, ఆ వేళకి ఫోన్ చేయండి. జనవరిలో దిగులు పడితే తిట్టొద్దు, యూనివర్సిటీలో కౌన్సెలింగ్ ఉంటుంది, వెళ్లమనండి.

అద్దె విషయంలో ఒక రూలు తెలుసుకోండి: ఒంటారియోలో మొదటి నెల, చివరి నెల అద్దె తప్ప ఇంకా అడ్వాన్స్ అడగకూడదు. అయితే ఇంటి ఓనరుతోనే వంటగది, బాత్‌రూమ్ పంచుకునే గదికి ఈ చట్టం వర్తించదు, కాబట్టి అది ముందే అడిగి తెలుసుకోవాలి. ఫోటోలు చూసి ఇక్కడి నుంచి డబ్బు పంపకండి. ఈ వారమే యూనివర్సిటీ హౌసింగ్ ఆఫీసుకి అమ్మాయి చేత మెయిల్ పెట్టించండి. ఏదైనా లీజు కాగితం వస్తే డబ్బు కట్టకముందే నాకు పంపండి, చదివి చెప్తాను.