పాత పోకో ఎఫ్1లో లీనియేజ్ ఓఎస్ ఎక్కించే ముందు

చిరంజీవి శ్రీకాంత్‌కు బాబాయి ఆశీస్సులు.

బీరువాలో పడి ఉన్న షావోమీ వారి పోకో ఎఫ్1లో లీనియేజ్ ఓఎస్ (ఆండ్రాయిడ్ ఆధారంగా స్వచ్ఛందంగా తయారుచేసే ఉచిత ఓఎస్) వేసుకోవాలని ఉందని రాశావు. ఆ ఫోన్ అందుకు తగినదే. 2018లో ఆండ్రాయిడ్ 8.1తో వచ్చిన ఆ ఫోన్‌కు కంపెనీ అప్‌డేట్లు ఆండ్రాయిడ్ 10తో ఆగిపోయాయి గానీ, అందులోని స్నాప్‌డ్రాగన్ 845 ఇప్పటికీ మామూలు పనులకు ధారాళంగా సరిపోతుంది.

అయితే దాన్ని దేనికి వాడతావో ముందుగా తేల్చుకో. లీనియేజ్ వేయాలంటే బూట్‌లోడర్‌ను, అంటే ఫోన్ ఆన్ కాగానే ఓఎస్‌ను లేపే భాగాన్ని, అన్‌లాక్ చేయాలి. అలా చేసిన ఫోన్‌ను గూగుల్ ప్లే ఇంటిగ్రిటీ పరీక్ష (ఫోన్ నమ్మదగిన స్థితిలో ఉందో లేదో యాప్‌లకు చెప్పేది) పూర్తిగా నమ్మదు కనుక కొన్ని బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు పనిచేయవు. ఇవాళ పనిచేసినవి రేపు మొరాయించవచ్చు. దీన్ని దాటే ఉపాయాలు చెప్పేవారికి కొదవ లేదు, కానీ డబ్బు వ్యవహారంలో ఆ దాగుడుమూతలు నాకు నచ్చవు. బ్యాంకులో నమోదైన నంబరు సిమ్మును నీ కొత్త ఫోన్‌లోనే ఉంచి, దీన్ని చదువుకోవడానికి, పాటలు వినడానికి వాడుకో.

షావోమీ ఫోన్ల బూట్‌లోడర్ అడిగిన వెంటనే తెరుచుకోదు. సెట్టింగుల్లో దాగి ఉండే డెవలపర్ ఆప్షన్లలో ఎంఐ ఖాతాను, అంటే షావోమీ ఖాతాను, జతచేసిన తరువాత సాధారణంగా 168 గంటలు, అంటే వారం రోజులు ఆగాలి. జతచేసేటప్పుడు వైఫై కాక సిమ్ డేటా ఆన్‌లో ఉండాలి. తొందరపడి ఖాతాను మళ్ళీ మళ్ళీ జతచేస్తే గడువు మొదటికి రావచ్చు. అన్‌లాక్ చేయగానే ఫోన్‌లోని సమాచారమంతా చెరిగిపోతుంది కాబట్టి, ఆ వారంలో ఫొటోలతో పాటు వాట్సాప్ బ్యాకప్‌నూ, ఓటీపీ కోడ్లు ఇచ్చే యాప్ ఉంటే దాని ఖాతాలనూ వేరేచోటికి మార్చుకో. ఫోన్‌ను కంపెనీ ఇచ్చిన చివరి వెర్షన్‌కు తెచ్చుకునే పని కూడా అప్పుడే ముగించు.

ఫైళ్ళను లీనియేజ్ వారి సొంత సైటు నుంచే తీసుకో. ఈ ఫోన్ సంకేతనామం ‘బెరీలియం’. ఆ పేరు లేని ఫైలు ఎంత దగ్గరి మోడల్‌దైనా ముట్టుకోకు. దింపుకున్న ఫైలు ఎస్‌హెచ్‌ఏ256 విలువను (ఫైలు మారలేదని తేల్చే వేలిముద్ర వంటిది) సైటులోని దానితో పోల్చి చూడు. చాలామంది దాటవేసేది ఈ ఒక్క అడుగే.

ఫాస్ట్‌బూట్‌లో (కంప్యూటర్ నుంచి ఫోన్‌లోకి ఫైళ్ళు ఎక్కించే మోడ్) లీనియేజ్ రికవరీని, అంటే ఓఎస్‌ను ఎక్కించడానికి వాడే చిన్న వ్యవస్థను, ఫ్లాష్ చేసిన (ఎక్కించిన) వెంటనే వాల్యూమ్ పెంచే బటన్, పవర్ బటన్ కలిపి పట్టుకుని నేరుగా రికవరీలోకే వెళ్ళు. పాత ఓఎస్‌ను ఒక్కసారి లేవనిచ్చినా అది తన రికవరీని తిరిగి పెట్టేసుకోవచ్చు. అక్కడ డేటా ఫార్మాట్ చేసి, ఏడీబీ సైడ్‌లోడ్‌తో (కంప్యూటర్ నుంచి కేబుల్ ద్వారా ఫైలు పంపే పద్ధతి) ఓఎస్‌ను పంపు. కంప్యూటర్ తెరపై లెక్క 47 శాతం దగ్గర ఆగిపోయినట్లు కనిపిస్తే కేబుల్ పీకేయకు, అది మామూలే. ఫలితం ఏమిటో ఫోన్ తెర మీదే చూడాలి. ప్లే స్టోర్ కావాలనుకుంటే గూగుల్ యాప్‌ల ప్యాకేజీని మొదటి బూట్‌కు ముందే ఎక్కించాలి. అప్పుడు సంతకం సరిపోలలేదని వచ్చే హెచ్చరికకు అవునని చెప్పవచ్చు.

ఆ తరువాత ఆండ్రాయిడ్ భద్రతా అప్‌డేట్లు వస్తాయి గానీ, మోడెమ్ (నెట్‌వర్క్‌తో కలిపే భాగం) వంటి వాటి ఫర్మ్‌వేర్, అంటే లోపలి సాఫ్ట్‌వేర్, మాత్రం కంపెనీ వదిలేసిన చోటే ఉండిపోతుంది. అంతా బాగుంది కదా అని బూట్‌లోడర్‌ను తిరిగి లాక్ చేయవద్దు. చేస్తే ఫోన్ అసలు లేవకపోవచ్చు.

ఇట్లు,
మీ బాబాయి