మాటలు రాని బాబును అంగన్‌వాడీకి పంపవచ్చా?

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర పల్లె. బాబుకు మూడేళ్లు దాటినా మాటలు రాలేదు, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడడు. అంగన్‌వాడీకి పంపవచ్చా?

తప్పకుండా పంపండి. మాటలు వచ్చాక చూద్దామని ఆగితే విలువైన కాలం పోతుంది. వైకల్యం ఉన్న పిల్లల కోసం కేంద్రం 2023లో అంగన్‌వాడీలకు మార్గదర్శకాలు ఇచ్చింది కూడా. ఎవరైనా కుదరదంటే వెనక్కి రాకండి.

ముందు వినికిడి పరీక్ష చేయించండి. పలకకపోవడానికి వినికిడి లోపం కారణం కావచ్చు, ఆటిజం (మాట్లాడటం, నలుగురితో కలవడం కష్టమయ్యే ఎదుగుదల తేడా) కావచ్చు. పైకి చూసి తేల్చలేం. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు వస్తాయి గానీ, వాళ్ల కోసం ఎదురుచూడకుండా ఆశా కార్యకర్తను అడిగి శ్రీకాకుళంలో పిల్లల డాక్టరుకు చూపించండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం మండలంలో నడిపే భవిత కేంద్రం గురించీ వాకబు చేయండి.

ఇక అంగన్‌వాడీలో టీచరు బాబు ఎదురుగా, కళ్లకు సమానంగా కూర్చుని చిన్నచిన్న మాటలే చెప్పాలి. గుడ్డు, పాలు, నీళ్ల బొమ్మలు చూపి, కావలసిన దానిపై వేలు పెట్టనివ్వాలి. ఇలా చేస్తే ఇక మాట్లాడడేమోనని పెద్దలు భయపడతారు, అలా జరగదు. గోలకు చెవులు మూసుకుంటే కాసేపు పక్కన కూర్చోనివ్వాలి, దాన్ని మొండితనమని కోప్పడకూడదు. ఇంట్లో వాడు ఏ సైగకు స్పందిస్తాడో, దేనికి బెదురుతాడో మీరే కాగితం మీద రాసి టీచరుకు ఇవ్వండి.