తార పంచమం దగ్గర తడబడ్డ పేరా

తమ్మీ,

కథ చదివాను. భద్రకాళి గుడిలో నవరాత్రుల కచేరీ, శ్రుతిబాక్స్ మోత, ముందు వరుసలో పిల్లల గొడవ బాగా కుదిరాయి, వాటి జోలికి పోను. పంచాయితీ అంతా మీ విద్వాంసుడు తార పంచమం (పైస్థాయి ‘ప’ స్వరం) అందుకున్న పేరాతోనే. ఒక వాక్యంలో ‘ఫాల్సెట్టోలోకి వెళ్ళాడు’ అన్నావు, వెంటనే ‘ఆ హెడ్ వాయిస్‌కు సభ ఊగిపోయింది’ అన్నావు. పైస్థాయిలో పాడితే ఏదో ఒకటి అనొచ్చులే అనుకున్నావేమో, అట్ల కుదరదు.

ఫాల్సెట్టోలో స్వరతంత్రులు (గొంతులో అదిరి ధ్వని పుట్టించే మడతలు) సాగి పల్చబడి అంచులు మాత్రమే అదురుతాయి, చాలామందికి అవి పూర్తిగా మూసుకోవు కూడా, అందుకే గాలి కలిసిన, బరువు లేని గొంతు వినిపిస్తుంది. పాటల పోటీల్లో ‘ఫాల్స్ వాయిస్ పడింది’ అనేది దీన్నే. హెడ్ వాయిస్‌లోనూ తంత్రులు పల్చబడతాయి గానీ లోపలి కండరం పట్టు పూర్తిగా వదలదు, అవి బాగా మూసుకుంటాయి, నాదానికి పదును ఉంటుంది. తలలో మోగినట్టు పాడేవాడికి అనిపిస్తుంది కాబట్టి ఆ పేరు, ధ్వని పుట్టేది మాత్రం గొంతులోనే.

చెవితో పట్టుకోవాలంటే, వరంగల్ విద్యారణ్య సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకునే కుర్రాణ్ణి ఎవరినైనా అడుగు. పై స్వరం చిన్న శబ్దంతో మొదలుపెట్టి బిగ్గరగా పెంచమను, అక్కడి నుంచి మధ్య షడ్జం (నడిమి స్థాయి ‘స’) దాకా జారమను. ఫాల్సెట్టో అయితే ఒక హద్దు దాటి పెరగదు, దిగేటప్పుడు గేర్ మారినట్టు టక్కున విరుగుతుంది. హెడ్ వాయిస్ అయితే అతుకు తెలియకుండా నిండు గొంతులో కలిసిపోతుంది. (బాగా సాధన ఉన్నవాళ్ళు ఫాల్సెట్టో అతుకునూ దాచేస్తారు, అది వేరే తలనొప్పి.)

ఈ మాటలు వచ్చిన యూరప్‌లోనే గురువులు ఒక మాట మీద లేరు. 1854లో చిన్న అద్దంతో తన స్వరపేటికను తానే చూసుకున్న పాటల గురువు మాన్యుయెల్ గార్సియా, ఛాతీ గొంతుకూ (కింది స్వరాల నిండు గొంతు) హెడ్ వాయిస్‌కూ నడుమ ఉన్నదాన్ని ఫాల్సెట్టో అన్నాడు. అందుకని కథలో ఈ మాటలు ఎవరి నోట వస్తున్నాయో చూసుకో, మీ గుడి ప్రేక్షకుడు అయితే ‘ఫాల్స్ వాయిస్’ అంటాడు, అంతే.

ఫాల్సెట్టో తప్పు అని తీర్పు కూడా రాయకు. ఒపేరాలో కౌంటర్ టెనర్లు (ఆడగొంతు స్థాయిలో పాడే మగ గాయకులు) ఎక్కువగా దాన్నే సాధన చేసి పాడతారు. మన కర్ణాటక సంగీతంలో మాత్రం తారస్థాయిని కూడా నిండు గొంతుతో అందుకోవాలనే పట్టుదల ఉంది. కాబట్టి మీ విద్వాంసుడు అక్కడ ఫాల్సెట్టోలోకి జారితే సభ ఊగిపోదు, ముందు వరుసలో పెద్దాయన తల దించుకుని తాళం వేసుకుంటాడు, పక్కనున్న శిష్యుడికి టెన్షన్ మొదలవుతుంది. కథకు అదే పనికొస్తుంది.

విద్వాంసుడి శ్రుతి (పాటకు ఆధారమైన ‘స’ ఎత్తు) ఐదున్నర అని రాశావు, అది మామూలుగా ఆడవాళ్ళది. దాన్ని ఒకటో శ్రుతి చెయ్యి. ఆ శ్రుతికి తార పంచమం దాదాపు 392 హెర్ట్జ్, చాలా మగగొంతులు తడబడేది ఆ చుట్టుపక్కలే. సరిచేసి పంపు, ఈసారి టైప్ చేసి పంపు, నీ చేతిరాత నా కళ్ళకు ఆనడం లేదు.