పీజీలో పోలీసుల డ్రగ్స్ అవగాహన సభ పనికొచ్చేలా పెట్టాలంటే

మీరు బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్ నడుపుతున్నారు, ఉండేది ఎక్కువగా తెలుగు పిల్లలే, పోయినసారి స్టేషన్ వాళ్లొచ్చి ప్రతిజ్ఞ చేయించినా ఒక్కరూ నోరు విప్పలేదు అన్నారు. వాళ్లకు పట్టక కాదండీ, భయం. అడిగినవాడి మీదే అనుమానం పడుతుంది కదా.

అందుకే సభకు రెండు రోజుల ముందు చీటీల డబ్బా పెట్టండి. అందరికీ ఒకేరకం కాగితం, ఒకేరకం పెన్ను. అడిగేదేమీ లేనివాళ్లు కూడా "ఏమీ లేదు" అని రాసి వేయాలి, లేదంటే నిజంగా రాసే నలుగురూ ఇట్టే కనబడిపోతారు. వచ్చిన ప్రశ్నలు మీరే తిరగరాసి, పేర్లూ రూమ్ నంబర్లూ తీసేసి ఎస్సైకివ్వండి. పిల్లల చేతిరాత స్టేషన్ దాకా వెళ్లకూడదు.

ఇన్‌స్పెక్టర్‌కు పది రోజుల ముందే లెటర్ ఇచ్చి, తెలుగు వచ్చిన సిబ్బందిని పంపమని అందులోనే అడగండి. ముప్పై మందికి మించొద్దు. వారం మధ్యలో, భోజనాలయ్యాక పెట్టండి. శనివారం సాయంత్రం పీజీ ఖాళీ.

మత్తు పదార్థాల నమూనాలు, ఫోటోలు చూపించొద్దని ముందే చెప్పండి, అవి కుతూహలాన్నే పెంచుతాయి. చట్టం మాత్రం అంకెలతో చెప్పించండి. ఎండీఎంఏ అనే మత్తు పదార్థం 10 గ్రాములకు మించి దగ్గర దొరికితే కనీసం 10 ఏళ్ల జైలు. "ఫ్రెండ్ పార్సెల్, కాస్త ఉంచు" అంటే ఒప్పుకునేవాడికి ఇది తెలియాలి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తు పదార్థాల నియంత్రణ) చట్టంలోని 64ఏ సెక్షన్ గురించి తప్పకుండా అడగండి. అలవాటు పడినవాళ్లు వాడకం కేసులోనో, చిన్న మోతాదు కేసులోనో ఉన్నా, ప్రభుత్వ గుర్తింపున్న చోట తమంతట తామే వైద్యానికి చేరితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. మధ్యలో మానేస్తే అది పోవచ్చు.

నంబర్లు కలిపేయొద్దు. డ్రగ్స్ అమ్మకాల గురించి సమాచారం ఇవ్వడానికి 1933, మానుకోవడానికి సలహా కావాలంటే 14446. చికిత్సకు బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో వ్యసన వైద్య విభాగమే ఉంది. ఇవన్నీ నోటీసు బోర్డు మీద కాకుండా బాత్రూమ్ తలుపుల లోపలివైపు అంటించండి, ఎవరూ చూడకుండా రాసుకుంటారు. ఎవరైనా స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలనీ రాయండి. కేసవుతుందని స్నేహితులు ఆలస్యం చేయడం వల్లే ప్రాణం మీదకొస్తుంది.

తెలిసీ మీ జాగాలో డ్రగ్స్ వాడనిస్తే అదే చట్టం 25వ సెక్షన్ కింద మీ మీదకీ వస్తుంది, కాబట్టి అమ్మకం కనబడితే బీట్ కానిస్టేబుల్‌కు వెంటనే చెప్పాల్సిందే. అలాగని సభ జరిగిన వారంలోనే గదులన్నీ సోదా చేయించొద్దు. వచ్చేసారి డబ్బాలో "ఏమీ లేదు" చీటీలే మిగులుతాయి.