సాగర్‌లో చేపలు పెరగాలంటే కరెంటోళ్లు ఏం చేయగలరు?

అమెరికాలో కరెంటు సంస్థలు, వన్యప్రాణి శాఖలు కలిసి జలాశయాల్లో చేపలు పెంచుతాయట కదా, నాగార్జునసాగర్‌లో అలా కుదరదా అని అడిగారు. మాది నేరేడుగొమ్ము వైపు, మా మేనమామలు సాగర్ బ్యాక్ వాటర్‌లో వలలేసి బతికినవాళ్లే, తర్వాత ఉద్యోగం మీద నేను టెన్నెసీలో కొన్నేళ్లున్నాను కాబట్టి రెండు వైపులా కొంత చూశాను.

అక్కడ డ్యాములు, కరెంటు టీవీఏ (టెన్నెసీ వ్యాలీ అథారిటీ) అనే కేంద్ర ప్రభుత్వ సంస్థవి, చేపలు మాత్రం రాష్ట్ర వన్యప్రాణి శాఖ చేతిలో ఉంటాయి. ఇద్దరూ కలిసి ఎండు చెట్లు, కొమ్మలు నీళ్లలో ముంచుతారు, చేపపిల్లలకు చాటు కావాలని. ఫొటోల్లో కనిపించేది అదే. నన్నడిగితే అసలు పని నీటిమట్టం దగ్గరుంది. బాస్, క్రాపీ అనే అక్కడి చేపలు ఒడ్డు పక్క లోతు లేని చోట గుడ్లు పెడతాయి, మట్టం ఒక్కసారిగా దిగితే అవన్నీ ఎండిపోతాయి, అందుకని వసంతంలో ఐదడుగుల లోతున నీళ్లు 65 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు (మన లెక్కలో 18 సెల్సియస్) చేరాక రెండు వారాల పాటు మట్టం పెద్దగా కదలకుండా చూస్తారు. ప్రైవేటు కంపెనీ జలవిద్యుత్ లైసెన్సైతే 30 నుంచి 50 ఏళ్లకు ఇస్తారు, అప్పుడే చేపల శాఖల సిఫార్సులు షరతులుగా చేరతాయి, 1986 నుంచి చట్టంలోనే ఉంది. అంటే దయాధర్మం కాదు.

మన సాగర్ నిండితే నీటిమట్టం (సముద్రమట్టం నుంచి లెక్క) 590 అడుగులు, వేసవికి 510 దగ్గరికి కూడా దిగొచ్చు. నీళ్లు ఎప్పుడు వదలాలో కరెంటు తయారుచేసే జెన్‌కో ఒక్కటే తేల్చదు, సాగు, తాగునీరు, రెండు రాష్ట్రాలు, కృష్ణా బోర్డు అన్నీ ఉంటాయి, రెండు వారాలు ఆపండంటే నవ్వుతారు. పైగా బొచ్చ, రవ్వ వరద నీళ్లలో ఏటికి ఎదురెక్కి గుడ్లు పెట్టే రకాలు, వాటికి ఆ పద్ధతి పనికిరాదు. కొర్రమట్టకైతే గడ్డి ఉన్న ఒడ్డు కావాలి, అది వేరే కథ.

చెట్లు ముంచుదామంటారా? అక్కడ గాలం వేట, ఇక్కడ వల. మా చెరువుల్లో దొంగ వలలు చిరగాలనే కంప వేస్తారు, అదే బ్యాక్ వాటర్‌లో ఎక్కడంటే అక్కడ వేస్తే మత్స్యకారుల సంఘపోళ్లు మిమ్మల్నే నీళ్లలో ముంచుతారు. వేయాలనుకుంటే వల వేయని మూల ఒకటి సంఘమే చూపించాలి, అమ్రాబాద్ పులుల అడవి వైపైతే అటవీశాఖనూ అడగాలి.

ఇప్పటికిప్పుడు కుదిరేది ఒకటుంది. 2016 నుంచి తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది కదా, వరద కాలంలో గేట్లు తెరిచి టర్బైన్లు నడుస్తుంటే డ్యాముకు దగ్గర్లో వదిలినవి కిందికి కొట్టుకుపోతాయి. టీవీఏ అయితే ఏ డ్యాము నుంచి ఎప్పుడు నీళ్లు వదులుతుందో యాప్‌లో ముందే పెడుతుంది. అలాంటి సమాచారం మత్స్యశాఖకు, సంఘాలకు ముందే అందితే పిల్లల్ని పైనున్న వాగుల మూలల్లో వదలొచ్చు, దిగువన పుట్టి వేసుకుని వేటకెళ్లేవాళ్లకూ ప్రాణభయం తగ్గుతుంది. జిల్లా మత్స్యశాఖ ఆఫీసుకు సంఘం తరఫున వెళ్తే ముందు ఇదే అడగండి, చెట్ల సంగతి తర్వాత.