రికార్డులు డౌన్‌లోడ్ చేసి మ్యాప్ గీసేస్తే సరిపోతుందా?

ఎడారి అంచున పెరిగే ఓక్ పొద మీద ప్రాజెక్ట్ చేస్తున్నానని, హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల్ని షీట్లకి అంటించి దాచే చోటు) రికార్డులు దించుకుని మ్యాప్ గీసేస్తే చాలా అని అడిగారు. చాలదండీ. పేరు ఉన్న కాలమ్‌ని గుడ్డిగా నమ్మితే మునిగినట్టే.

నేనుండేది దక్షిణ కాలిఫోర్నియాలో. ఉద్యోగం సాఫ్ట్‌వేరే గానీ, వీలున్న శనివారాల్లో ఒక హెర్బేరియంలో పాత లేబుళ్లు చూసి టైప్ చేస్తుంటాను. ఒకరోజు శాన్ హసింటో కొండల్లో, ఎడారి వైపు వాలులో కోసిన కొమ్మ ఒకటి నా చేతికొచ్చింది. ముళ్ల అంచులతో బొటనవేలి గోరంత ఆకులు, మూలన చిన్న పొట్లంలో రాలిపడిన కాయలు. అసలు లేబుల్ మీద క్వెర్కస్ డ్యూమోసా (క్వెర్కస్ అంటే ఓక్‌ల శాస్త్రీయ నామం). దాని పైన ఇంకెవరో అంటించిన చీటీలో క్వెర్కస్ టర్బినెల్లా. ఆ పైన మూడో చీటీ, క్వెర్కస్ కార్నీలియస్-ములరీ. ఒకే కొమ్మకి మూడు పేర్లు! ఏది టైప్ చేయాలని అడిగితే, అక్కడి పెద్దావిడ మాట్లాడకుండా భూతద్దం నా చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి ఉన్న ఆకు చూపించారు. పైవైపు బూడిద పచ్చ. వెనకవైపు నక్షత్రాల్లాంటి నూగు, ఒకదాని మీద ఒకటి పడి తెల్లగా నేసిన దుప్పటిలా ఉంది.

ఆ తెల్ల దుప్పటే మూడో చీటీలోని కార్నీలియస్-ములరీకి గుర్తు. ఆ జాతికి నిక్సన్, స్టీల్ అనే వృక్షశాస్త్రజ్ఞులు పేరు పెట్టిందే 1981లో. అంతకుముందు కోసినవాళ్లు లేని పేరు ఎలా రాస్తారు? 1994లో క్వెర్కస్ జాన్-టకెరి కూడా ఇలాగే టర్బినెల్లా నుంచి విడిపోయింది. అసలు టర్బినెల్లాకి సొంతిల్లు అరిజోనా, అక్కడి కొండవాలుల పొదల్లో దానిదే రాజ్యం, కాలిపోయినా మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. కాలిఫోర్నియాలో అది దొరికేది న్యూయార్క్ మౌంటెన్స్ లాంటి తూర్పు మొహావీ ఎడారి కొండల్లోనే. పాత రికార్డులతో మ్యాప్ గీస్తే మాత్రం మా ఎడారి అంచంతా టర్బినెల్లానే!

ఇంకో తలనొప్పి డూప్లికేట్లు. ఒకే పొద నుంచి ఒకే నంబర్‌తో కోసిన కొమ్మల్ని వేరువేరు హెర్బేరియంలకి పంపుతారు. కొత్త చీటీ ఒకచోటే పడుతుంది. డేటాబేస్‌లో ఆ ఒక్క పొదే రెండు జాతులై కూర్చుంటుంది. లొకేషన్ల సంగతి చెప్పకండి. లేబుల్ మీద 'పామ్ డెజర్ట్‌కి దక్షిణాన కొండల్లో' అని ఉంటే, ఎవరో మహానుభావుడు చుక్కని తీసుకెళ్లి ఊరి మధ్యలో, గోల్ఫ్ కోర్సుల పక్కన పెట్టాడు.

'ఫోటోలు చాలవా, ఈ ఎండు కొమ్మలెందుకు' అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఉత్తర యూటాలో ఇప్పుడు టర్బినెల్లా లేకపోయినా, వెచ్చని చోట్ల పెరిగే దానికీ, గాంబెల్ ఓక్ అనే ఇంకో జాతికీ పుట్టిన సంకర పొదలున్నాయి. ఒకప్పుడు అక్కడ వెచ్చగా ఉండేదని 1959లో పరిశోధకులు వాదించింది వాటిని బట్టే. అలాంటి సంకరాన్ని దూరం నుంచి తీసిన ఫోటోలో పట్టుకోండి చూద్దాం.

మీరు ముందు ఆ పేరు ఎప్పుడు నిర్ధారించారో ఆ తేదీ చూడండి. 1981కి ముందుదైతే షీట్ స్కాన్ తెరిచి, ఆకు వెనకవైపు కనిపించేదాకా జూమ్ చేయండి. ఇక మొక్కల యాప్‌లలో ఫోటోలు పెట్టేవాళ్లకి ఒక దండం: సెల్ఫీ తర్వాత దిగొచ్చు, ముందు ఆకు తిప్పి ఒక్క ఫోటో తీయండి బాబూ!