ఉత్తర కార్తెలో పూలతోట పనులు

నెల్లూరు,
భాద్రపదం.

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. ఒంగోలులో మీరు కొన్న ఇంటి చుట్టూ ఉన్న జాగాలో పూలమొక్కలు పెంచుతున్నావని, శరదృతువు రాబోతున్నది గనుక ఇప్పుడు ఏ పనులు చేయాలో, ఏవి చేయకూడదో వివరంగా తెలుపమని వ్రాసిన నీ ఉత్తరం అందింది. ఒక పూట చెప్పుకుంటే తీరే మాటలు కావివి. అందుచేత తీరికగా కూర్చుని వ్రాస్తున్నాను. నీవు కూడా తీరికగా చదువుకో.

మన కావ్యాలలో శరత్కాలమంటే మబ్బులు తేలిపోయి, ఆకాశం నిర్మలమై, నదులు తేటపడే కాలం. తోటపని గురించి బయటి ప్రాంతాలవారు చెప్పే సలహాలు కూడా అటువంటి శరత్తునే దృష్టిలో పెట్టుకుని ఉంటాయి. వానలు వెలిశాయి గనుక కొమ్మలు కత్తిరించు, ఎరువు వెయ్యి, కొత్త మడులు వెయ్యి అంటారు. మన తీరానికి అది సరిపడదు. నెల్లూరు జిల్లాలో ఏడాది మొత్తం మీద కురిసే వానలో సగం కన్నా ఎక్కువ భాగం అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే ఈశాన్య ఋతుపవనం వల్ల కురుస్తుంది. మీ ప్రకాశం జిల్లాలో నైరుతి ఋతుపవనం వాటా కొంత పెరిగినా, సముద్రం దగ్గరగా ఉన్న ఒంగోలులో అసలు జడివానలు, తుపాను గాలులు ఆ మూడు నెలలవే. కనుక మన శరత్తు మొదటి భాగం వానలు వెలిసిన కాలం కాదు, పెద్దవానకు ముందు మనకు దొరికే వ్యవధి. ఈ నెల నీవు చేసే ప్రతి పనినీ ఈ ఒక్క లెక్క మీద నిలిపి చూసుకోవాలి.

సెప్టెంబరు నడుమ ప్రవేశించే ఉత్తర కార్తె, దాని వెనుక వచ్చే హస్త కార్తె నీకు పనిదినాలు. ఈశాన్య ఋతుపవనం సాధారణంగా అక్టోబరు మూడవ వారంలో, అంటే చిత్త కార్తెలో అందుకుంటుంది. "ఉత్తర చూసి ఎత్తర గంప" అని మన రైతులు అనేవారు. ఉత్తరలో కూడా వాన పడకపోతే ఇక ఊరు విడిచి పోవలసిందేనని దాని భావం. మెట్ట పైరుకు ఆ మాట నిజమే కాని, పూలతోట పెంచేవారు ఉత్తరలో ఎండ కాస్తున్నదని నమ్మి ఊరుకుంటే చిత్తలో నష్టపోతారు.

అన్నింటికన్నా ముందు నీరు పోయే దారి చూడు. మీది నల్లరేగడి. వేసవిలో చెయ్యి పట్టేంత నెర్రెలు విడిచే ఆ నేలే తడిసి ఉబ్బిందంటే నీటిని కిందికి దిగనివ్వదు. మొక్క వేళ్లకు నీరు ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టి సందులన్నీ నీటితో నిండిపోతే వేళ్లకు ఊపిరి ఆడక, కుళ్లు తెగులు పట్టుకుంటుంది. అప్పుడు మొక్క వాడినట్లు కనిపిస్తుంది. నీరు చాలలేదనుకుని ఇంకా పోసేవారు ఉన్నారు. నీ తోటలో పరిస్థితి ఎట్లా ఉందో తెలుసుకోవడానికి నాలుగైదు చోట్ల మూరెడు లోతు గుంట తీసి, సాయంత్రం నిండా నీరు పోసి, అది ఇంకిన తరువాత మరొకసారి నింపు. తెల్లవారి చూసేసరికి నీరు ఇంకా నిలిచి ఉంటే ఆ చోట నేలమట్టాన ఏ పూలమొక్కా పెట్టవద్దు. జానెడు ఎత్తున మడి కట్టి దాని మీద పెట్టు. మడుల మధ్య కాలువలు తీసి, వాటి వాలు వీధి వైపుకు ఉండేటట్లు చూడు. ప్రహరీ గోడకు అడుగున తూము లేకపోతే మేస్త్రీని పిలిపించి ఇప్పుడే పెట్టించు, ఎందుకంటే ఎంత మంచి కాలువలు తీసినా గోడ అడ్డమైతే తోట అంతా చెరువే అవుతుంది. డాబా మీది నీరు గొట్టం గుండా నేరుగా పూలమడిలో పడుతున్నదేమో కూడా గమనించు. దానిని ఇంకుడు గుంతకు మళ్లిస్తే మడి కోసుకుపోదు, మీ బోరుకు కూడా మేలు జరుగుతుంది.

రేగడి బాగుపడాలంటే ఇసుక కలపాలని చాలామంది చెబుతారు. ఏవో నాలుగు గంపల ఇసుక కలిపితే ఆ నేలలో మార్పేమీ కనపడదు. మార్పు రావాలంటే మట్టితో సమానంగా కలపాలి, అది ఇంటి తోటకు పెద్ద ఖర్చు. నన్నడిగితే బాగా మాగిన పశువుల ఎరువు, ఆకు ఎరువు ఏటేటా కలుపుకుంటూ పోవడమే మేలు. అయితే ఈ పని నేల పదునులో ఉన్నప్పుడే చెయ్యాలి. పిడికిట పట్టిన మట్టి ముద్ద కాకుండా పొడిపొడిగా విడిపోతే పదును ఉన్నట్లు. తడి రేగడిని తొక్కితే, తవ్వితే గడ్డలు కట్టి ఏడాదంతా బాధిస్తుంది. ఇక్కడ పెన్న ఒడ్డున మా మట్టి ఇసుక కలిసినది. మాకు నీరు నిలిచే బాధ తక్కువ, వేసిన ఎరువు వానకు కొట్టుకుపోయే బాధ ఎక్కువ. మేము చెరువు మట్టి తెచ్చి కలుపుకుంటాము. నేను చేసినదంతా నీవు చేయనవసరం లేదని చెప్పడానికే ఈ మాట.

మీ బోరు నీరు ఉప్పగా ఉంటుందని వ్రాశావు. వేసవి పొడుగునా ఆ నీరే పోశారు గనుక కుండీల అంచుల మీద, మడుల పైన తెల్లని పొర కట్టి ఉంటుంది. ఆకుల చివరలు మాడడం కూడా దాని గుర్తే. ఆ పైపొరను బొరిగెతో గీకి తీసివెయ్యి. మిగిలిన ఉప్పును వాన నీరే కిందికి దింపుతుంది, కాని అది జరగాలంటే నీరు మట్టిలోకి దిగి అడుగున బయటికి పోవాలి. మురుగు దారి గురించి అంతగా చెప్పినది ఇందుకే. కుండీల అడుగు రంధ్రాలు వేళ్లతో మూసుకుపోయాయేమో ఒక్కొక్కటీ ఎత్తి చూసి, పుల్లతో పొడిచి తెరువు. కింద రెండు ఇటుక ముక్కలు పెట్టు.

నీటి తరువాత గాలి సంగతి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన రెండు జిల్లాలలోనూ చెట్లు ఎట్లా కూలాయో నీకు గుర్తుండే ఉంటుంది. మీ గేటు పక్కనున్న తురాయి చెట్టు చూడ ముచ్చటైనదే కాని, దాని కొమ్మలు పెళుసు, వేళ్లు పైపైన పాకుతాయి. అక్టోబరు మొదటి వారం లోపల అనుభవం ఉన్న మనిషిని పిలిపించి, ఎండిన కొమ్మలు, ఒకదానినొకటి రాసుకునే కొమ్మలు, ఇంటి మీదికి వాలినవి తీయించు. గాలి చెట్టు గుండా సాగిపోయేటట్లు లోపల పలచన చెయ్యాలే తప్ప తల నరికించవద్దు. తల నరికిన చోట పుట్టే చిగుళ్లు బలహీనమైన అతుకుతో పెరిగి, ఆ పై సంవత్సరాల గాలికి ముందుగా అవే విరిగిపడతాయి. కరెంటు తీగలకు ఆనుకున్న కొమ్మల జోలికి మీరు పోవద్దు, విద్యుత్తు శాఖవారికి తెలియజెయ్యి. ఈ ఏడాది నాటిన పొగడ, పారిజాతం మొక్కలకు మూడు వైపులా వెదురు గడలు పాతి, పాత నూలు చీర పీలికలతో వదులుగా కట్టు. తుపాను గాలి పూట పూటకూ దిక్కు మారుస్తుంది గనుక ఒక్క గడ చాలదు. ప్లాస్టిక్ తాడు బెరడును కోస్తుంది.

ఇక కత్తెర విషయం. ఈ నెలలో చేతికి కత్తెర దొరికితే ఆగడం కష్టమని నాకు తెలుసు, అయినా ఆగాలి. గులాబీలను ఇప్పుడు గట్టిగా కత్తిరించవద్దు. కోసిన కొన మీద వాన నీరు నిలిచి, కొమ్మ పై నుంచి కిందికి నల్లబడుతూ ఎండిపోతుంది. పైగా కొత్త చిగుళ్లు సరిగ్గా జడివానలో బయటికి వచ్చి నల్లమచ్చ తెగులుకు లోనవుతాయి. ఎండుపుల్లలు, అంటు కట్టిన చోటుకు కింది నుంచి లేచే అడవి పిలకలు మాత్రం తీసివేసి, కోత మీద కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడిని నీటితో ముద్దగా కలిపి పూయి. అసలు కత్తిరింపు డిసెంబరులో వానలు తెరిపి ఇచ్చాక చేద్దువుగాని. మల్లెకు కూడా ఇదే మాట. దానికి నవంబరు చివరి నుంచి జనవరి దాకా నీరు తగ్గించి, ఆకు దూసి, మోకాలి ఎత్తుకు కత్తిరిస్తేనే వేసవిలో విరగబూస్తుంది. ఇప్పుడు కత్తిరించిన మల్లె ఆకు పెంచుకుంటుందే గాని మొగ్గ వెయ్యదు. కాగితపు పూల తీగలో గాలికి కొట్టుకునే పొడుగాటి కొమ్మలు మాత్రం కుదించు. మందారం, నందివర్ధనం, నూరు వరహాలు తేలికగా సవరిస్తే చాలు.

చామంతి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ కాలపు రాణి అదే. చామంతి రాత్రి నిడివిని బట్టి మొగ్గ తొడిగే మొక్క. సెప్టెంబరు 22, 23 తేదీల నాటికి పగలు, రాత్రి సమానమై, అక్కడి నుంచి పగటిని మించి రాత్రి పెరుగుతూ పోతుంది. చీకటి ఎక్కువసేపు అందిన మొక్క ఆకు పెరుగుదల ఆపి మొగ్గకు సిద్ధపడుతుంది. అందుచేత తలలు తుంచే పని సెప్టెంబరు నడిమికే ముగించు. ఆ తరువాత తుంచితే పూసే కొనలనే పోగొట్టుకున్నట్లు. రెండవది, వీధి దీపం వెలుగు పడే చోట, రాత్రంతా వరండా లైటు వెలిగే చోట చామంతి కుండీ ఉంచకూడదు. ఆ వెలుగు చిన్నదే అయినా రాత్రిని రెండు ముక్కలు చేస్తుంది, మొక్క అది వేసవి అనుకుని ఆకు మీద ఆకు వేస్తూ ఉంటుంది. మంచి ఎరువు వేశాము, పూత రాలేదని వాపోయేవారిలో చాలామంది ఇంటి ముందు వీధి దీపం ఉంటుంది. మొగ్గలు శనగ గింజంత అయినప్పుడు, పెద్ద పూవు కావాలనుకున్న రకాలకు కొన మొగ్గ ఒక్కటి ఉంచి పక్కవి గిల్లివెయ్యి. దండలకు పనికివచ్చే చిన్న చామంతికి ఆ అవసరం లేదు. కుదుళ్లలో నీరు నిలిస్తే కింది ఆకులు నల్లబడి పైకి పాకుతాయి. అటువంటి ఆకులు తీసి దూరంగా పారవేసి, లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి, వాన లేని పూట చల్లు.

సంక్రాంతి గొబ్బెమ్మలకు మీ ఇంటి బంతి పూలే కావాలంటే సెప్టెంబరు చివరి వారంలో నారు పొయ్యాలి. నేల మీద వద్దు; తట్టలలో కొబ్బరి పొట్టు, ఆకు ఎరువు సమంగా కలిపి, వసారాలో వెలుతురు తగిలేచోట ఉంచు. విత్తనం పలుచగా చల్లు. దట్టంగా మొలిచిన నారు తడి వాతావరణంలో మొదలు కుళ్లి ఒక్క రాత్రిలో పడిపోతుంది. నెల నాటికి నారు నాటడానికి వస్తుంది, వాన తెరిపి చూసి ఎత్తు మడి మీద నాటి, మొక్క జానెడు దాటాక తల తుంచు. పెటునియా, డయాంథస్, సాల్వియా వంటి చలికాలపు పూల నారు ఇంకా ఆలస్యంగా, అక్టోబరు చివర పోసి డిసెంబరులో నాటితే చాలు. అంగడిలో ఇప్పుడే అమ్ముతున్నారని తెచ్చి నాటితే నవంబరు వానలకు మిగలవు. డిసెంబరు పూల మొక్కలను మాత్రం ఇప్పుడు తాకవద్దు, వాటి పూత కొనలు తయారవుతున్నాయి.

గాలిలో తేమ పెరిగే ఈ రోజులు కొమ్మ నాటి పెంచడానికి అనువైనవి. గన్నేరు, మందారం, నందివర్ధనం, క్రోటన్లు ఏవైనా సరే, పెన్సిలు మందం కొమ్మను జానెడు పొడవున కణుపు కిందుగా కోసి, పైన రెండాకులు ఉంచి, ఇసుక, ఆకు ఎరువు కలిపిన సంచులలో గుచ్చి నీడన పెట్టు. నీ తోటకు కావలసిన కంచె మొక్కలు పైసా ఖర్చు లేకుండా ఇట్లాగే వస్తాయి.

నత్రజని ఎరువు ఏదీ ఇప్పుడు వెయ్యవద్దు. లేత చిగురు గాలికి విరుగుతుంది, పురుగును పిలుస్తుంది. పాదుకు ఒక గుప్పెడు వేపపిండి కలిపితే చాలు. మందారానికి పిండినల్లి ఉంటే ముందు నీటి ధారతో కడిగి, తరువాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం వేళ చల్లు. నత్తలు చీకటి పడ్డాక తడి గోడల మీదికి వస్తాయి, చేతికి తొడుగు వేసుకుని ఏరి ఉప్పు నీటిలో వెయ్యి. ఎడారి గులాబీ కుండీలను చూరు కిందికి మార్చు. దాని ఉబ్బిన మొదలు మెత్తబడితే మళ్లీ కోలుకోవడం అరుదు. కుండీల కింది పళ్లేలు వానాకాలమంతా తీసివెయ్యి. నిలిచిన నీటిలో డెంగ్యూ దోమ వారం పది రోజులలోనే తయారవుతుంది, ఇంట్లో పసిపిల్ల ఉన్నది.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజున డాబా అంచు మీది కుండీలన్నీ దించి గోడ వారగా చేర్చు, వేలాడే కుండీలు లోపలికి తెప్పించు. గాలి తగ్గిన మరునాడే తోట చూడాలి. పక్కకు ఒరిగిన చిన్న మొక్కలను నేల మెత్తగా ఉండగానే మెల్లగా నిలబెట్టి, వేళ్ల మీద మట్టి కప్పి, గడ కట్టు. నాలుగు రోజులు ఆలస్యమైతే వేళ్లు ఎండి, మట్టి బిగిసి, నిలబెట్టబోతే మిగిలిన వేళ్లు కూడా తెగుతాయి. సముద్రపు గాలి ఉప్పు తుంపర ఆకుల మీద పడి ఉంటుంది గనుక మంచినీటితో ఒకసారి కడుగు. చిరిగిన కొమ్మలను శుభ్రంగా కోసివెయ్యి, పడిన ఆకులను తగలబెట్టకుండా ఒక మూల గుంటలో వెయ్యి. తెగులు సోకినవి మాత్రం అందులో కలపవద్దు.

మురుగు కాలువల పని మొదలుపెట్టే ముందు తోట కొలతలు, ఏ వైపు వాలు ఉందో ఒక కాగితం మీద గీసి పంపు. మడులు ఎటు కట్టాలో గుర్తు పెట్టి వెంటనే తిరిగి పంపుతాను.

ఇట్లు,
నీ పెదనాన్న